ఏడో వరుస

గ్రిమ్స్‌బీ రేవు వెనక సందులో
నాలుగు పొగగొట్టాల కొట్టు.
మూడు నెలలకోసారి లెక్కలు చూడ్డానికి వెళ్తాను.
తిరిగొచ్చాక రెండు రోజులు
నా కోటు, నా పెన్ను, చివరికి నా కాల్క్యులేటరు కూడా
పొగబెట్టిన హాడక్ చేప వాసన.

యజమానురాలు మ్యూరియల్ థ్రసెల్.
అరవై మూడేళ్ళు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు,
చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ముక్కే,
నిండు పెన్సిలు నేనెన్నడూ చూళ్ళేదు.

ఆమె దగ్గర ఆరుగురు.
"జీతంలో నూటికి ఐదు వాళ్ళది, మూడు మీది,
చట్టం" అన్నాను మొదటిసారి.
"నాకు నూళ్ళూ మూళ్ళూ కాదు, పెట్టెల్లో చెప్పు" అంది.
"నెలకి రెండున్నర పెట్టెల చేప. అంతే."
"అంతే అనకు.
ఫిబ్రవరిలో, పడవలు బయల్దేరని వారంలో
రెండున్నర పెట్టెలంటే ఏమిటో
నీ మిషనుకి తెలీదు."

అయినా సంతకం పెట్టింది,
పెన్సిలుతో.
పెన్నుతో మళ్ళీ పెట్టించాను.

లిథువేనియా నుంచి వచ్చిన రిమాంతస్
ఉత్తరం తడిచేత్తోనే విప్పాడు.
"నేను క్లైపెదాకి వెళ్ళిపోతే ఇది నాతో వస్తుందా?"
రాదు, ఇక్కడే ఉండి నీకోసం ఎదురు చూస్తుంది అన్నాను.
"నాకోసం ఎదురు చూసేది ఇదొక్కటే" అని నవ్వి
కాగితం మడిచి టోపీలో పెట్టుకున్నాడు.

ఇరవై రెండు నిండిన కేలీ
నెల తిరక్కుండానే వద్దని రాసిచ్చింది.
ముసలితనం ఆమెకి
పొగమంచులో ఎదుటి ఒడ్డు.
మ్యూరియల్ ఏమీ అనలేదు. అనకూడదు కూడా.
మూడేళ్ళకి చట్టం మళ్ళీ తలుపు తట్టింది.
ఈసారి కేలీ ఆ వద్దు కాగితాన్ని
ఉండ చుట్టి రంపపు పొట్టులో పడేసి
పొయ్యి అంటించింది.
ఎందుకని నేనడగలేదు.

డెన్‌జిల్ కథ వేరు.
ముప్ఫై ఎనిమిదేళ్ళు చేపల వెన్ను తీసినవాడు.
ఇక్కడ ఆ దాచిన డబ్బుని కుండ అంటారు.
చట్టం వచ్చేసరికి అతని కత్తి సగం అరిగింది,
కుండలో పడింది తొమ్మిదేళ్ళ చినుకులే.
తీసి చూస్తే ఒక ఫ్రిజ్జు, పెరటి పాకకి కొత్త రేకు.
మ్యూరియల్ ఇప్పటికీ శుక్రవారం శుక్రవారం
అతని ఇంటికి రెండు చేపలు పంపుతుంది.
వాటిని ఏ పద్దులో రాయాలో తెలీక
"చిల్లర ఖర్చులు" అని రాస్తాను.

ఓ సాయంత్రం పట్టిక పూర్తిచేసి
ఆరు పేర్లూ పైనుంచి కిందికి చదివాను.
వడ్డించేవాళ్ళు మనవాళ్ళయితే
కడబంతిలో కూర్చున్నా పరవాలేదంటారు.
వడ్డించినావిడ ఆకెక్కడ?

"మీ పేరు లేదు."
"నేను పనిమనిషిని కాదుగా, నాకెవరిస్తారు?"
గోడ వైపు గరిటె చూపించింది.
వందేళ్ళ తారు, అరచేతి మందాన.
"అదే నా పెన్షను."

నిరుడు వేసవిలో ఒకాయన వచ్చాడు
కొట్టు కొని ఇళ్ళు కట్టాలని.
గోడ గీకించాడు, కడిగించాడు,
ముక్కు దగ్గరగా పెట్టి చూశాడు.
వాసన పోలేదు.
అతనే పోయాడు.

ఆ రాత్రి ఆమె ఫోను చేసింది.
"నాకైతే ఎన్ని పెట్టెలు?"
"మీ ఇష్టం. ఒకటి?"
అటు వైపు చాలాసేపు
పొయ్యి చిటపట.
"చేప దొరికిన నెల్లో" అంది.

ఇప్పుడు నా పుస్తకంలో ఏడో వరుస ఉంది.
జనవరి ఖాళీ. ఫిబ్రవరి ఖాళీ.
మార్చిలో అర పెట్టె.
ఆలస్యమే, నాకు తెలుసు, ఆమెకి ఇంకా బాగా తెలుసు.
అంకె పక్కన ఎండి అతుక్కుపోయిన పొలుసొకటి
గోటితో తీయబోయి
వదిలేశాను.