పోటు కాలమ్

ముత్తుకూరు రోడ్డు మీద మా రొయ్యల కంపెనీ.
మేడ మీద ఏసీ గది, నాది.
కింద ఇంకా చల్లటి హాలు, వాళ్ళది.
మంచునీళ్ళలో చేతులు ముంచి
గంటకిన్ని కిలోలని తలలు తుంచే
మూడొందల పదకొండు మంది.

సోమవారం పొద్దున తెర తెరుస్తాను.
హైదరాబాదు వాళ్ళు అమ్మిన సాఫ్ట్‌వేర్
ఒక్కో పేరు పక్కనా ఓ అంకె వేసి ఉంచుతుంది:
మూడు నెలల్లో ఎవరు మానేస్తారో.
ఎరుపు, పసుపు, పచ్చ.
కింద రొయ్యల్ని ఏరినట్టే,
ముప్పై కౌంటు, యాభై కౌంటు, ముక్క.

అన్నిటికన్నా పైన కొమారి చెంగమ్మ, పల్లెపాళెం.
ఎనభై మూడు శాతం.
కారణాలు: ఆలస్యం, పదిహేడు సార్లు.
సగం కూలి కోత, ఆరు.
మిషను మీద వేలిముద్ర పడనివి లెక్కలేదు.
"ట్రైనింగుకి పంపొద్దు, డబ్బు దండగ"
అన్నారు మేనేజరు కోదండపాణి గారు,
అంకె మీద వేలు పెట్టి.
ఆయన వేలు ఎప్పుడూ పడుతుంది.

నేను కిందికి దిగాను.
గమ్‌బూట్లు, తలకి టోపీ, ముక్కుకి గుడ్డ.
ఏ కళ్ళు చెంగమ్మవో నాకు తెలీదు.
మూడేళ్ళుగా ఆమె జీతం వేసేది నేనే.

"మానేస్తావంట గదమ్మా?"
"ఎవురన్నారు మేడమ్?"
"కంప్యూటరు."
చేతిలో రొయ్య తల తుంచి నవ్వింది.
"నాకన్నా ముందే తెలిసిందే దానికి!
అట్టయితే ఎందుకు మానేస్తన్నానో గూడా
దాన్నే అడగండి."

అడిగాను.
అందరూ వెళ్ళాక, రాత్రి పదిదాకా,
పదిహేడు తేదీలూ ఓ గీత మీద పరిచాను.
గుంపులుగా పడ్డాయి.
నాలుగు రోజులు. పది రోజులు ఖాళీ.
మళ్ళీ నాలుగు.
జ్వరం ఇట్టా రాదు.
బద్ధకం ఇంత పద్ధతిగా ఉండదు.
గోడ మీద కిరాణా కొట్టు క్యాలెండరు చూశాను,
ఎందుకు చూశానో ఇప్పటికీ తెలీదు.
నల్ల చుక్కకి అటూ ఇటూ.
తెల్ల చుక్కకి అటూ ఇటూ.

గేటు దగ్గర మస్తానయ్య బీడీ ఆర్పి చెప్పాడు:
"పల్లెపాళెం చప్టా గదమ్మా!
అమాసకీ పున్నానికీ పోటొస్తే మోకాటి మీదికి నీళ్ళు.
తీసేదాకా అవతలే కూచోవాల.
బస్సు ఆగద్దా, ఆగదు.
ఇది అందరికీ తెలిసిందే."
ఆ అందరిలో నేను లేను.

పైకొచ్చి కొత్త కాలమ్ ఒకటి చేర్చాను.
పేరేం పెట్టాలో తోచక
పోటు అని కొట్టాను.
ఎనభై మూడు ఇరవై ఆరైంది.
పల్లెపాళెం ఎరుపులు పద్నాలుగూ
ఒకటొకటే పచ్చబడ్డాయి,
నీళ్ళు తీశాక చప్టా రాళ్ళు తేలినట్టు.
రెండు తేలలేదు.
ఆ ఇద్దరూ తర్వాత నిజంగానే మానేశారు.

"రేపట్నుంచి పంచాంగం మనమే వేద్దామా?"
అన్నారు కోదండపాణి గారు.
బస్సు చుట్టు తిరిగి పోతే పదకొండు కిలోమీటర్లు ఎక్కువ.
డీజిలు కాలమ్ ఆయన చేర్చారు.
ఫైలు పరిశీలనలో ఉంది.

ఆ రాత్రే నా పేరు వెతికాను.
అందులో నేనూ ఉంటానని అంతదాకా తట్టలేదు.
అరవై ఒకటి. పసుపు.
కారణాలు: సీటులో లేని సమయం పెరిగింది.
పని వేళలు దాటాక లాగిన్.

ఇవాళ అమావాస్య.
ఆరున్నరకి స్కూటీ చప్టాకి ఇవతల ఆపాను.
ఉప్పుటేటి బురద వాసన. రెండు కొంగలు.
అవతలి గట్టున చెప్పులు చేత్తో పట్టుకుని
పన్నెండు మంది.
గుడ్డ లేకుండా వాళ్ళ మొహాలు
చూడటం ఇదే మొదలు.
నవ్వుని బట్టి చెంగమ్మని పోల్చాను.
ఏదో అరిచింది, గాలికి సగమే అందింది:
"...మీకూ లేటేనా ఇయ్యాల?"

బ్యాగులో ఫోను టింగుమంది,
నా పంచ్ పడలేదని.
నీళ్ళింకా తీయలేదు.