మొదటి బకెట్టు

ఇరవై లీటర్లది, తెల్లది, మూత బిర్రుగ కూసునేది కావాలన్న.
"పెయింటుకా, పప్పుకా?" అడిగిండు ఈశ్వరయ్య సేటు.
ప్రకాశం బజార్ల ఎందుకో చెప్పకుంట
సూది గూడ కొనలేం.
బీరు కాయనీకి అని నోట్లకు వచ్చింది,
ఊరగాయకు అని బయటికి వచ్చింది.
మాగమాసంల ఏం ఊరగాయనో ఆయన అడగలే,
అడుగు మీద ఒక్క గుద్దు గుద్ది సూపిండు:
"నీ మనుమలకు గూడ ఉంటది."

పక్క దుకాణంల అరంగుళం నల్లా, రెండు వాచర్లు.
మందుల షాపుల సెలైన్ పైపు.
"ఎవలికి బాగలేదన్నా?" అన్నది పిల్ల.
ఎవలికి ఏం కాలే, గాలి పోనీకి అన్న.
ఇంకింత భయపడ్డది.
గడియారం కాడి బేకరీల ఈస్టు పొట్లం.
తీపి కొలిసే గాజుకడ్డి మాత్రం
మా కాలేజి ల్యాబుల మొయినుద్దీన్ తెప్పిచ్చిండు,
ఉర్దూ పేపర్ల చుట్టి, పురిటిబిడ్డను అందిచ్చినట్టు
రెండు చేతుల్ల పెట్టిండు.

అన్ని కలిపి పదకొండు వందల నలభై.

పానగల్లుల ఇంటికి వచ్చి మంచం మీద పరిసిన.
నాయిన ఒక్కొక్కటి పట్టుకొని సూసిండు.
ఆయన ఎనుక గోడకు మోకు ఏలాడుతున్నది,
తుంటి ఇరిగిన ఏడు ఎక్కిచ్చిన మేకుకే.
"మా నాయిన నాకు కొనిచ్చినయి నాలుగు.
మోకు, ముత్తాదు, గుజి, కత్తి.
అయిదోది తాడు. అది కొననీకి దొరకది."
అట్లని పైపును ఊది సూసిండు.

జొన్నలు తడిగోనెల మొలకేసిన,
మిద్దె మీద ఎండేసిన, గిర్నీల ఇసిరిచ్చిన.
చేదుకు పోయినేటి ఉగాది యాపపువ్వు.
ఇగ కడుగుడు షురువైంది.
బకెట్టు ఉడుకునీళ్లల్ల, నల్లా ఉడుకునీళ్లల్ల,
గంటె, జల్లెడ, నా చేతులు మోచేతుల దాంక.
ఒక్క పురుగు మిగిలినా అంత పాడైతదని చదివిన.
నాయిన సూసి సూసి అన్నడు:
"లొట్టిని అంతగనం తోమితే మూగది అయితది రా.
నిన్నటిది జెరంత అడుగున ఉండాలె,
ఇయ్యాల్టిదాన్ని లేపనీకి."
నేను ఇనలే. ఇంకో గిన్నె నీళ్లు కాగబెట్టిన.

మూతల పైపు, పైపు కొస నీళ్లసీసల.
బుడగ రావాలె.
మొదటి దినం రాలే.
రెండో దినం బకెట్టుకు దుప్పటి కప్పిన.
మూడో దినం నేను అన్నం తినలే,
మా ఆమె పేరివ్వాణి నవ్వు ఆపుకుంట
"నీళ్లు పట్టుకుందాం తియ్, మంచి నల్లా" అన్నది.

నాలుగోనాడు చీకటితోనే లేసిన.
సీసల గుర్రుమంటున్నది,
నిద్రల ఎవలో గురక పెట్టినట్టు,
ఆగి, మల్ల గురక పెట్టినట్టు.
నాయిన బకెట్టు పక్కన పీట ఏసుకొని
మూతకు చెవి ఆనిచ్చి ఉన్నడు.
అరుగు మీద జంగయ్య గౌడు లొట్టి ఒకటి,
ఖాళీది, అంచుకు నురుగు ఇంక ఆరలే.

ఏమన్న పోసినవా?
"నాకేం ఎరుక? పనిముట్లు నీయి."
ఏళ్లు లుంగీకి తుడుసుకున్నడు.

అప్పటికెల్లి రోజు గాజుకడ్డి ముంచేది ఆయనే.
"ఇది ఎక్కాల్నా, దిగాల్నా?"
దిగాలె నాయినా, తీపి సచ్చినకొద్ది దిగుతది.
కండ్లద్దాలు పైకి నూకి
గీత కాడ గీత కాడ ఆగి సూసిండు.
ఎక్కుడు అందరు సూస్తరంట,
దిగుడే కష్టమంట,
ముసురుల, తడిసిన మోకుతోని,
నడుముకు నిండిన లొట్టితోని.
అంతకన్న ఏం చెప్పలే.

పదకొండోనాడు నల్లా తిప్పిన.
మసక మసకగ, గంజి రంగుల వచ్చింది,
పైన వేలెడు నురుగు.
బీరు అనలేం. కల్లు అంటే జంగయ్య ఒప్పుకోడు.
నేను ఒక గుక్క తాగి గోడ దిక్కు తిరిగిన.
నాయిన గిలాస మొత్తం తాగిండు,
మీసం తుడుసుకున్నడు.

"పుల్లగుంది" అన్నడు,
గిలాస నల్లా కిందికి జరిపిండు.