పదమూడో పన్ను

జుట్టు రాలిపోయిన ఏడాదే
నేను దువ్వెనలు చెయ్యడం నేర్చుకున్నాను.
నవ్వొచ్చే మాటే. నవ్వండి.
పర్లాకిమిడిలో సగం ఊరు నవ్వింది.

బరంపురం పెద్దాసుపత్రికి ఆరుసార్లు బస్సెక్కాను.
ప్రతిసారీ కిటికీ పక్క సీటు అడిగేదాన్ని,
మహేంద్రగిరి మీద మబ్బు ఎటు వాలిందో చూసి
ఈ రాత్రి వాంతులా కాదా అని
నాతో నేనే పందెం కట్టుకునేదాన్ని.
ఎక్కువసార్లు మబ్బే గెలిచింది.

మూడోసారి తిరిగొచ్చాక
తలగడ మీది జుట్టు చేటలోకి ఎత్తాను.
ఏట్లో కలిపెయ్యమంది మా అత్త.
నేను పొయ్యిలో వేశాను.
ఆ కమురు వాసన నాకు కొత్తది కాదు.
మా వీధి మలుపులో, కూర్మాచారి కొట్టంలో
నిప్పుల మీద గేదె కొమ్ము కాగేటప్పుడు
రోజూ వచ్చేదే.

వాసన పట్టుకుని వెళ్ళి గడప దగ్గర నిలబడ్డాను.
"కొమ్మంటే ఏటనుకున్నావు?
గట్టిపడ్డ ఎంట్రుకలే గదమ్మా"
అన్నాడు తలెత్తకుండా.
నా బోడితల చూడలేక అనుకున్నాను.
కాదట. ఆ క్షణాన తలెత్తితే
కొమ్ము మాడిపోతుంది, అంతే.
పని నేర్చుకున్నాక తెలిసింది.

ఈనిన ప్రతిసారీ కొమ్ము మీద ఒక గీత పడుతుంది.
గడ్డి దొరకని ఏడు
గీత లోతుగా దిగుతుంది.
బొటనవేలితో తడిమి చెప్పేవాడు:
"నాలుగు ఈతలు. మూడోదానికి సచ్చి బతికింది."
చెప్పి, ఆకురాయి తీసుకుని
నాలుగింటినీ అరగదీసేవాడు.
నున్నటి కొమ్ముకే సంతలో ధర.
రాలిన పొడి నా ఒళ్ళో పడేది,
ఒక గేదె కన్నవీ పస్తున్నవీ
అన్నీ కలిపి గుప్పెడు.

మందు నా వేలికొసల్ని తినేసింది.
జాకెట్టు హుక్కు ఎక్కడుందో తెలిసేది కాదు,
ఇక రంపం ఎంత లోతు దిగిందో ఏం తెలుస్తుంది?
చెవితో నేర్చుకున్నాను.
పైపైన గరగర.
లోపలికి పోయేకొద్దీ సన్నటి ఈల.
ఈల ఆగే ముందర చెయ్యి ఆపాలి.

ఆ రోజు ఏటవతల పాతపట్నం వైపు
రైలు కూతేసింది.
నా ఈల దాని కూతలో కలిసిపోయింది.
టిక్.
పదమూడో పన్ను.

"పారేసీమంటారా?"
"పన్నూడిన దువ్వెన ఎవుడు కొంటాడు?
నువ్వే ఉంచుకో.
నీకిప్పుడు సిక్కులేటున్నాయి?"

పాలిషు పెట్టే బిసోయి కుర్రాడు నాలిక కరుచుకున్నాడు.
బొగ్గు చిటపట తప్ప కొట్టంలో మాట లేదు.
ముందు నవ్వింది నేనే.
వానలు మొదలైన దగ్గర్నుంచి అదే మొదటి నవ్వు,
పక్కటెముకలు నొచ్చాయి.

దువ్వడానికి ఒక్క వెంట్రుక లేదు,
పదకొండు రోజులు దాన్నే రుద్దాను.
గాజుపెంకుతో గీకి, బొగ్గుపొడి పూసి,
నూనె గుడ్డతో తుడిచి తుడిచి.
మూడో గీతని మాత్రం చెరపలేదు.
వీపు మీద అలాగే వదిలేశాను.
ఎండకి పట్టి చూస్తే
నలుపులోంచి ఒక తేనె చార
సరిగ్గా విరిగిన చోటికి వచ్చి ఆగింది.
ఆ చారే అక్కడ కొమ్ముని పెళుసు చేసిందంటాడు కూర్మాచారి.
కావచ్చు.
దువ్వెన మొత్తంలో నేను చూసేది దాన్నే.

ఇప్పుడు కొమ్ములు దొరకడం కష్టం.
గుణుపురం రైల్లో పది రూపాయలకి
రెండు ప్లాస్టిక్ దువ్వెనలు, అద్దం ఉచితం.
కొట్టం వారానికి మూడు రోజులే తెరుస్తున్నాం.

చవితి నాటికి జుట్టు వచ్చింది.
వెనకటి కోలజుట్టు కాదు,
ఉంగరాలు ఉంగరాలుగా, ఎవరిదో అన్నట్టు.
పొద్దున్నే ఆ దువ్వెనతో దువ్వుకుంటాను.
పళ్ళున్న చోట పాయలన్నీ దారికొస్తాయి.
సందులోంచి ఒకటి
చెప్పిన మాట వినకుండా
లేచి నిలబడుతుంది.

నూనె రాసి అణచమంటుంది మా అత్త.
నేను అద్దంలో దాన్ని చూసుకుని
పనికి బయలుదేరతాను.