ఏ కాగితం?

మే నెల మొదటి మంగళవారం.
ఊరి ఫైర్ స్టేషన్‌లో ఎర్ర బండిని బయట వానలో నిలబెట్టి
దాని చోట మమ్మల్ని కూర్చోబెట్టారు.
సిమెంటు నేల మీద ఇంకా డీజిల్ వాసన.
ఒక బల్ల, రెండు కుర్చీలు.
ఒహాయో చట్టం ప్రకారం ఒక కుర్చీ రిపబ్లికన్లది, ఒకటి మాది.
వాళ్ల కుర్చీలో వెండెల్ స్పర్లాక్,
మా కుర్చీలో నేను.
పంతొమ్మిదేళ్లుగా ఒకే ఫ్లాస్కు కాఫీ తాగుతున్నాం,
ఒక్కసారైనా ఒకే మనిషికి ఓటెయ్యలేదు.

ప్రైమరీ రోజున అందరినీ ఒకటే అడగాలి:
"ఏ పార్టీ కాగితం?"
వరుసలో వెనకవాళ్లకి వినబడుతుంది, తప్పదు.
ఓటు రహస్యం గానీ
ఇంటిపేరు రహస్యమా?
మా ఊళ్లో పార్టీ అలాంటిదే.
సమాధి రాయి మీద చెక్కరు, అంతే తేడా.

పొద్దున ఒక కుర్రాడు
"రెండూ చూపించండి, నచ్చింది తీసుకుంటా" అన్నాడు.
"ఇది చెప్పుల దుకాణం కాదు బాబూ" అన్నాడు వెండెల్.
ఇద్దరం నవ్వుకున్నాం.
గోడ మీది పిల్లులంటే మా ఇద్దరికీ చిన్నచూపే.

పదిన్నరకి లుడ్మిలా హ్రబోవ్‌స్కీ వచ్చింది.
ఎనభై ఒక్కేళ్లు. వాకర్ కాళ్లకి రెండు టెన్నిస్ బంతులు.
ఉక్కు మిల్లు సమ్మెలో పక్కటెముక విరిగినవాడు ఆమె మామగారు.
ఆయన వంటింట్లో రెండు పటాలుండేవి,
ఒకటి మేరీమాతది, ఒకటి మా పార్టీ ప్రెసిడెంటుది.
ఏది ముందు తుడవాలో అత్తగారికి ఎప్పుడూ తేలలేదట.
మిల్లు మూతపడ్డ ఏడాది కూడా
ఆ ఇంట్లో పార్టీ మూతపడలేదు.
తర్వాత పెద్దకొడుకు అటు వెళ్లాడు.
రెండు థాంక్స్‌గివింగ్‌లు
టర్కీని కోసే కత్తి చప్పుడే తప్ప మాటల్లేవు.
మొన్న జనవరిలో భర్త యాంటన్ పోతే
వాకిట్లో మంచు తవ్వింది ఆ కొడుకే.

నేనప్పటికే మా కాగితం తీసి పట్టుకున్నాను.
అయినా అడగాలి గనక అడిగాను.

ఆమె పలకలేదు.
వెనక గొడుగులు కారుతున్నాయి.
వెండెల్ చూపు తన దొంతర మీదికి వెళ్లి
సిగ్గుపడి కాఫీ కప్పులోకి దిగింది.

"మూడోది ఉందట కదా," అంది.

ఉంది. అట్టపెట్టె అడుగున,
పేర్లు లేనిది, పార్టీ లేనిది.
ఒకటే ప్రశ్న దాని మీద:
కొత్త ఫైరింజనుకి అయిదేళ్లు పన్ను కట్టడం
సమ్మతమా, కాదా.

"వాళ్లది తీసుకుంటే యాంటన్ లేచి కూర్చుంటాడు.
మీది తీసుకుంటే..."
అక్కడే ఆగింది.

నేనూ అక్కడే ఆగిపోయాను.
ఏటా ఇదే బల్ల ముందు నిలబడి
"మనది ఇవ్వమ్మా" అనేది.
మనది.
ఇవాళ మీది.
ఒక్క అక్షరం దగ్గర
ఊళ్లో సగం మంది బల్ల అవతలికి నడిచిపోయినట్టనిపించింది.
నేనేమీ అనలేదు. కాగితం ఇచ్చాను, పెన్ను ఇచ్చాను.

ఒక్క ప్రశ్నకి పదకొండు నిమిషాలు తీసుకుంది.
తిరిగి వెళ్తూ వానలో ఆగి
ఎర్ర బండి బానెట్ మీద చెయ్యి వేసింది.
జనవరి రాత్రి వచ్చింది ఈ బండే.
వంతెన మలుపులో ఇంజను ఆగిపోయి
ఆలస్యంగా వచ్చింది.

మధ్యాహ్నమంతా మేం పెద్దగా మాట్లాడుకోలేదు.
వెండెల్ తన డోనట్‌లో సగం విరిచి నా వైపు జరిపాడు.
తినాలనిపించలేదు, తిన్నాను.

ఏడుంపావుకి, తలుపులు మూసేముందు,
నా వంతు.
ఇన్నేళ్లూ అడక్కుండానే
మా కాగితం నా ముందుకు తోసేవాడు.
ఈసారి చేతులు బల్ల మీదే ఉంచి
కళ్లజోడు సర్దుకుని,
కొత్తవాళ్లని అడిగినట్టే,
"ఏ కాగితం?" అన్నాడు.