మూడో గడి

ముమ్మిడివరం నెట్ సెంటర్ పదింటికి మూసేస్తారు.
ఇప్పుడు ఎనిమిదీ నలభై.
"మూడు ఆప్షన్లూ పెట్టాలమ్మా, ఖాళీ వదిలితే తీసుకోదు"
అంటాడు సత్తిరాజు, బజ్జీ నూనె వేళ్ళు
నా దరఖాస్తుకే తుడుచుకుంటూ.
బాణం గుర్తు నొక్కితే
నేను కాబోయేవన్నీ
అక్షరక్రమంలో కిందికి జారాయి.

భూగర్భ శాస్త్రం.
నా ఎనిమిదో ఏట మా చేల పక్కన రిగ్గు వేశారు.
పొడుగు పెట్టెలో మట్టి కడ్డీలు పేర్చి
ఒకాయన పిలిచాడు:
"చూడు పాపా, రెండు కిలోమీటర్ల లోతున కూడా
ఇది నది తెచ్చిన మట్టే."
నాకు కళ్ళు తిరిగాయి.
నేను నిలబడింది నేల మీద కాదు,
ఒకదాని మీద ఒకటి పడుకున్న నదుల మీద.
ముక్క విరిచి పంటి కింద పెట్టమన్నాడు.
కరకరలాడితే ఒండ్రు, వెన్నలా జారితే బంకమన్ను.
"మా చదువులో సగం పళ్ళతోనే."
మన్ను తిన్నానని అమ్మ వీపు మోగించి
నోరు తెరిపించింది.
లోకాలేమీ కనిపించలేదు,
నల్లటి నాలిక తప్ప.

మొదటి గడి నిండింది.

రెండోది, జల జీవశాస్త్రం.
భీమవరంలో కరుణకుమారి ఆ పనే చేస్తోంది.
తెల్లారి అయిదింటికే
కూల్‌డ్రింకు సీసాల్లో చెరువు నీళ్ళు పట్టుకుని
పెద్ద పెద్ద మీసాలవాళ్ళు వరసలో నిలబడతారట.
"చెప్పు తల్లీ, ఉంటాయా? పోతాయా?"
ఇరవై లక్షల అప్పు
ఆమె రెండు వేళ్ళ మధ్య గాజుగొట్టంలో ఊగుతుంది.
జీతం పద్నాలుగు వేలు, తిట్లు అదనం.
తెల్లమచ్చ అని రాసిచ్చిన రాత్రే
తూము ఎత్తేస్తారని తనకి తెలుసు.
ఆ నీళ్ళు ఏ కాలవలో కలిశాయో రాయడానికి
రిపోర్టులో గడి లేదు.
"నువ్వొస్తే ఆ గడి పెట్టిద్దామే" అంటుంది,
నవ్వుతుందో ఏడుస్తుందో
ఫోన్లో తెలీదు.

అమ్మ అదే రొయ్యల తలలు తీస్తుంది,
ఐసు నీళ్ళలో, రోజుకి పది గంటలు.
వేలిముద్ర అరిగిపోయి
రేషన్ మిషను ఆమెని గుర్తుపట్టదు.
పొద్దున్న బస్సెక్కిస్తూ ఒక్కటే అడిగింది:
"పొడిగా ఉండే ఉద్యోగం చూసుకోవే."

తొమ్మిదీ ముప్పై అయిదు.
మూడో గడిలో గీత ఒకటి
వెలుగుతూ ఆరుతూ నన్నే చూస్తోంది.

బలుసుతిప్పలో మా పోలయ్య మావయ్య
సర్వే వాళ్ళకి పడవ వేస్తాడు.
బావురుపిల్లి రాత్రి ఎక్కడ చేపకి మాటు వేస్తుందో
కెమెరా ఎక్కడ కట్టాలో చూపించేది ఆయనే.
తెల్లమడ ఆకు నాకి
ఈ ఏడు ఉప్పు ఎక్కువంటాడు.
మిషను అదే మాట
మూడు వారాల తర్వాత చెబుతుంది.
పుస్తకం అచ్చయ్యాక
చివరి పేజీలో 'స్థానిక సహకారం' అని ఉంది.
అది తన పేరే అనుకుని
మావయ్య అట్టేసి దాచుకున్నాడు.

తీర పర్యావరణం, అని కొట్టాను.
మా మడ అడవి గురించి చదవడానికి
సీటు ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉందట.
మళ్ళీ మోకాలి లోతు బురద.
పొడి ఎక్కడుందమ్మా,
మన ఊరే ఇంకా ఆరలేదు.

"ఇదే వరసా? ఖాయమేనా?"
సత్తిరాజు షట్టరు సగం దించాడు.
ఆగమని,
అడుగునున్న గడిని పైకి లాగాను.
డెల్టాలో ఆఖర్న వచ్చి చేరిందే కదా
పైన ఉండేది.

ముప్పై రూపాయలు. ప్రింటు ఇంకా వెచ్చగా ఉంది.
ఫోన్లో అమ్మ
ఏం పెట్టావని అడగలేదు.
"ఇక్కడ వాన మొదలైంది,
కాయితం తడవకుండా తెచ్చుకో."