దిండు మీదిదే మనది

బతూమిలో వాన పడని రోజుల్ని
వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.
నల్లసముద్రం ఒడ్డున మా హోటల్లో
నాలుగో అంతస్తు మొత్తం నాది.
అంటే, పద్నాలుగు గదుల మురికి నాది.

చేరిన రోజు లమారా మేడం చెప్పిన ధర్మం ఇంతే:
"నానూలీ, బల్ల మీద డబ్బు వాళ్లది.
దిండు మీదిదే మనది.
మంచం కింద దొరికింది దేవుడిది,
కింద ఆఫీసులో ఇచ్చెయ్."

పంతొమ్మిదేళ్లుగా దిండ్లు చదువుతున్నాను.
కొత్త జంటలు ఏమీ పెట్టరు, వాళ్లకి
వాళ్లిద్దరే గుర్తుంటారు.
గది నిండా పొద్దుతిరుగుడు పొట్టు ఉమ్మిన పెద్దమనిషి
ఇరవై లరిలు పెట్టి పోయాడు,
తిట్టిన తిట్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.
పోలండు ముసలమ్మ ఒకావిడ
సబ్బు కాగితం మీద పువ్వు గీసి
రేకకొకటి చొప్పున నాణేలు పేర్చింది.

నాణేలతోనే వచ్చింది చిక్కు.
టర్కీవి, కజకిస్తాన్‌వి,
ఎక్కడివో, మధ్యలో చిల్లున్నవి.
మార్పిడి కొట్టు జుంబర్
అద్దం వెనకనుంచే తల అడ్డంగా ఊపుతాడు:
"కాగితమైతే తీసుకుంటా. బిళ్లలు చెల్లవు."
చెల్లని కృతజ్ఞతలన్నీ
ఆల్‌బుఖారా పచ్చడి ఖాళీ సీసాలో వేసి పెట్టాను.
కదిపితే దేశాలన్నీ
ఒక్కసారే మాట్లాడతాయి.

మొన్న అక్టోబరులో, యాభై రెండో ఏట,
నేనూ అతిథినయ్యాను.
బోర్జోమిలో మూడు రాత్రులు.
కిటికీ నిండా దేవదార్లు,
ఇనుము రుచి ఊటనీళ్లు,
నా చేతిలో ఇంకొకరు తుడిచే గది తాళం.

తెల్లారి లేచానా,
చేతులు నన్నడగలేదు.
దుప్పటి దులిపాయి, మూలలు మడిచాయి,
దిండు చెంప మీద ఒకటి తట్టాయి.
స్నానాలగది జాలీలో నా వెంట్రుక నేనే ఏరుకుని
పర్సులోంచి ఐదు లరిలు తీసి
అక్కడ ఆగాను.
రెండు పెట్టినవాళ్లని ఎన్నిసార్లు పిసినారులన్నానో!
ఐదు నా వేళ్ల మధ్య ఉంటే తెలిసింది
అది ఎంత పెద్ద నోటో.
సరే, పెట్టాను. దిండు మీదే.

సాయంత్రం వచ్చి చూస్తే
డబ్బు పెట్టినచోటే ఉంది.
పక్కన పెన్సిల్‌తో రాసిన చీటీ:
"అమ్మా, పక్క మీరే సర్దితే
'ఈ గది పని లేదు' అని గీత కొడతారు.
మాకు గదికింత అని లెక్క.
చెయ్యని గది డబ్బు నాకొద్దు.
ఎలిసో."

చాలాసేపు ఆ మంచం అంచునే కూచున్నాను.
మాది నెల జీతం.
నా మంచితనం ఒక పిల్ల కూలీలో
కోతై పడుతుందని
నాకెవరు చెప్పారు?

మర్నాడు పొద్దున్న
పుట్టి బుద్ధెరిగాక చెయ్యని పని చేశాను.
దుప్పటి నేలమీదికి ఈడ్చాను.
ఒక దిండు కుర్చీలోకి విసిరాను, గురి తప్పింది.
తువ్వాలు తడిపి తలుపు మీద పడేశాను.
ఆపిల్ తొక్కలు మాత్రం
చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించి
చెత్తబుట్టలోనే వేశాను.
మరీ అంత అతిథిని కాలేను.

నిన్నటి ఐదూ, ఇవాళ్టి ఐదూ
మిగిలిన దిండు మీద పెట్టాను.
తలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చి,
పరుపు మీద ఒక మూల సరిచేశాను.
మళ్లీ లాగేశాను.

వరండాలో బండి ఎదురొస్తోంది.
ముందు చక్రం, ఎడమది, కిర్రుమంటోంది,
రెండు చుక్కలు నూనె పడితే చాలు.
చెప్పాలని నోటిదాకా వచ్చింది.
ఏమీ చెప్పకుండా, మొహం చూడకుండా
గోడవైపు ఒదిగి వెళ్లిపోయాను,
అతిథులు వెళ్తారే,
అచ్చం అలా.