నోట్లో పిన్ను

ఏగాంబరం మామ పెట్టెలో ఏముంటాయో
చీకట్లో చెయ్యి పెట్టి చెప్పగలను ఇప్పుడు.
పద్నాలుగో నంబరు పానా, పదిహేడో నంబరు పానా,
దవడ వదులైన కటింగ్ ప్లేరు,
ఆకురాయి,
సైకిల్ ట్యూబు ముక్కలు,
పచ్చడి సీసాలో గ్రీజు
(మూత తీస్తే ఇంకా ఆవకాయ వాసనే),
పొన్నమ్మత్త పాత చీరలో చుట్టిన
రెండు మోటారు ఫ్యాన్లు.
ఒకటి కొత్తది, గూడూరులో కొన్నది.
ఇంకోటి, రెక్క తెగితే
వెల్డింగు పెట్టించిన మచ్చది.

ప్రతి పానానూ నైలాన్ తాడుతో
మేకను గుంజకు కట్టినట్టు
పడవ పక్కటెముకకు కట్టేస్తాడు మామ.
ఒక తాడుకు మాత్రం మేక లేదు.
అది పన్నెండో నంబరుది.
"ఏమైంది మామా" అంటే
గడ్డంతో నీళ్ళకేసి చూపిస్తాడు.

నాయుడుపేట ఐటీఐలో
రెండేళ్ళు ఫిట్టరు చదివాను నేను.
అక్కడ పానాలు గోడ మీద వరసగా వేలాడేవి,
ఒక్కోదాని వెనక దాని ఆకారం నల్లరంగుతో గీసుండేది.
ఏది పోయినా గోడే పట్టిచ్చేది.
తూపిలిపాళెం రేవు దాటాక
గోడెక్కడుంది?
చెయ్యి జారితే జారిందే,
పదకొండు బారల లోతు.

నేనెక్కిన మొదటి రాత్రే మోటారు గీపెట్టింది.
అరుపుంది, లాగుడు లేదు.
"పిన్ను తెగిందిరా."
మోటారు ఎత్తి, వెనక పలక మీద రొమ్ము ఆనించి,
టార్చి చంకలో ఇరికించి,
కొత్త పిన్ను గుప్పిట్లో బిగించి వంగానో లేదో
నెత్తిన ఒక్కటిచ్చాడు.
"నోట్లో పెట్టుకోరా!
చేతులు రెండూ పడవవి."

పళ్ళ మధ్య ఇత్తడి పిన్ను.
ఉప్పూ గ్రీజూ కలిసిన చేదు.
తిట్టాలనిపించింది, తిట్టలేకపోయాను.
భయమేస్తోందని చెప్పలేకపోయాను.
పిన్ను ఎక్కేదాకా
అలలే మాట్లాడాయి.

మొన్న కార్తీకంలో
శ్రీహరికోట రాకెట్టు రోజు
అటు పోవద్దని మైకులో చెప్పారు.
మేం ఉత్తరానికి పోయాం.
అది నిప్పులు కక్కుతూ పైకి పోతుంటే,
ఖాళీ అయిన ముక్కలు సముద్రంలో పడేసిపోతుందని
నేను చదువుకున్నది చెప్పాను.
మామ వలలోంచి తలెత్తి
"అంత సామానా! తాడన్నా కట్టలేదే" అన్నాడు.

ఆ సాయంత్రమే కనబడింది వాయల గోవిందు పడవ.
అలకు అడ్డం తిరిగి ఊగుతోంది.
చొక్కా విప్పి ఊపుతున్నాడు.
ఎవరిదో తెగిన వల చుట్టుకుని
రెండు రెక్కలు పోయాయంట.
రేవులో గజం జాగా దగ్గర
మామకీ అతనికీ మాటల్లేక ఏడేళ్ళు.

మామ చీర మూట విప్పాడు.
నేను మచ్చది అందివ్వబోయాను.
మామ నా చెయ్యి పక్కకు నెట్టి
పెట్టెలోంచి ఒక పిన్ను తీసి
నోట్లో పెట్టుకున్నాడు.
మా మోటారుకేం కాలేదు, బాగానే తిరుగుతోంది.
తర్వాత కొత్త ఫ్యాను తీసి
చెయ్యి చాచి ఇచ్చాడు.
గోవిందు ఏదో అన్నాడు.
మళ్ళీ ఏదో అన్నాడు.
మామ నోట్లో పిన్ను ఉంది గదా.

తిరిగొస్తుంటే స్వర్ణముఖి మొగ దగ్గర
ఇసక మేటకు మా ఫ్యాను తగిలింది.
మచ్చది బిగించుకుని
పడవంతా, పళ్ళతో సహా, వణుక్కుంటూ ఒడ్డెక్కాం.
"కొత్తదెందుకిచ్చావు మామా?"
చాలాసేపటికి అన్నాడు,
"మచ్చది ఏడ వణుకుద్దో నాకు తెలుసు.
వాడికేం తెలుసు, రాత్రిపూట."

గోవిందు ఆ ఫ్యాను ఇంకా తిరిగివ్వలేదు.
మామ అడగలేదు.
నిన్న తెల్లారి పడవ తోస్తుంటే
ఆ ఖాళీ తాడుకు ఒక పానా వేలాడుతోంది,
పిడికి నీలం టేపు చుట్టి,
మా ఇంట్లో ఎవరూ వెయ్యని ముడేసి.

పదమూడో నంబరు.
మా మోటారులో దేనికీ పట్టదు.
మామ దాన్ని తిప్పి చూశాడు, గ్రీజు రాశాడు.
ముడి మాత్రం విప్పలేదు.